రెండో మేకు

మా చేపల పాక గుమ్మం పక్కన గోడకు నిలువుగా ఒక చెక్క బిగించి ఉంది. విరిగిపోయిన పడవ తాలూకు పక్కబద్ద. ఉప్పు తిని తిని బూడిద రంగుకు తిరిగింది. నేల నుంచి మూర మీద బెత్తెడు ఎత్తున దానికో ఇత్తడి మేకు. మా నాన్న కొట్టిన మేకు అది.

పండుగప్ప చేపకు ఆ మేకే కొలత. తోక నేలకానించి చేపను చెక్కకు నిలబెడితే ముక్కు మేకును దాటాలి. దాటని చేపను ఒడ్డుకు తేకూడదు. అదే కొలతకు ప్రతి పడవ అంచు మీదా ఒక గాటు ఉంటుంది. వలలోంచి తియ్యగానే గాటుకు ఆనించి, పొట్టిదైతే అక్కడికక్కడే నీళ్ళలోకి వదిలేస్తారు. కళ్ళు కప్పి తెచ్చినవాడు చెక్క దగ్గర దొరికిపోతాడు. దొరికితే ఆ పడవ సరంగు అందరూ చూస్తుండగా పాక నేలంతా ఒక్కడే కడగాలి. మా నాన్న కూడా ఒకసారి కడిగాడు. తన మేకుకు తనే దొరికాడు.

ముప్పై ఏళ్ళుగా ఆ కట్టు తప్పలేదు. అయినా పండుగప్ప ఏటికేడు తగ్గిపోతూనే వచ్చింది.

నేను వలలు అల్లేవాణ్ణి. పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. మోకాలు దాటి నీళ్ళలోకి దిగి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. అందుకని ఒడ్డుజాలరి అని ఎక్కిరిస్తారు. మాట తక్కువ కాబట్టి ‘ముడి’ అని ఇంకో పేరు. రెండిటికీ పలుకుతాను. పాక వెనక గది నాది. ఒక కిటికీ, దారం కండెలు, బెండ్ల మూట, కన్ను కొలిచే వెదురు పట్టీలు. వల కన్నును మేము వేళ్ళతో లెక్కేస్తాం. నాన్న కాలంలో పండుగప్ప వలకు ఎనిమిది వేళ్ళ కన్ను. నాన్న పోయాక నేను పది వేళ్ళు చేశాను. పడవల వాళ్ళందరూ కూర్చుని ఒప్పుకున్న మాటే అది. కన్ను పెద్దదైతే చిన్న చేప దూరి వెళ్ళిపోతుంది, పెద్దదే చిక్కుతుంది. ఇంతకంటే ధర్మం ఏముంటుంది అనుకున్నాం. నాకైతే లోలోపల కొంచెం గొప్పగా కూడా ఉండేది.

పోయిన ఏడు తొలి వానలకు ముందు మా బావ నా గదికి వచ్చాడు. మా అక్క మొగుడు. ఆరుగురు ఎక్కే పడవకు సరంగు. ఈ ఒడ్డున అందరికంటే పెద్ద పండుగప్పను పట్టింది తనే. ఆ సంగతి అడక్కుండానే చెబుతాడు.

“బామ్మర్దీ, వచ్చే ఏటికి పన్నెండు వేళ్ళ కన్ను అల్లు. చిన్నవాటి జోలికే పోవద్దు. వాటిని ఎదగనిద్దాం,” అన్నాడు.

తలూపాను. మంచి మాటే కదా.

మా అక్క పాకలో చేపలు కోస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే కత్తిపీట, అదే మూల. ఆ సాయంత్రం చేతులు కడుక్కుని నా గుమ్మంలో నిలబడింది.

“ఒరేయ్, నీకో మాట చెప్పాలి. నవ్వకూడదు.”

నేను నవ్వే మనిషిని కాదని దానికి తెలుసు. అయినా అంది.

“రెండు మూరల లోపు పండుగప్పను కోస్తే గుడ్లు కనపడట్లేదురా. ఒక్కదాంట్లో కూడా.”

“చిన్నవి కదా.”

“చిన్నవైతే పాల తిత్తి ఎలా నిండింది? గట్టిగా నొక్కితే చెయ్యంతా తెల్లగా అవుతోంది. అవి ఎదిగిన మగవేరా. మిగతా రకాల చేపల్ని కోస్తే చిన్నవాటిలో ఆడా ఉంటాయి, మగా ఉంటాయి. వీటిలో మాత్రం ఆడపిల్లలే పుట్టరా?”

చేతిలో అల్లిక ఆగింది. మగ చేప కడుపులో పాలలాంటిది ఉంటుందని, ఆడదాని కడుపులో గుడ్ల తిత్తి ఉంటుందని ఈ ఒడ్డున పసిపిల్లలకు కూడా తెలుసు. చిన్నదాంట్లో ఏముంది, పెద్దదాంట్లో ఏముంది అని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మాత్రం లేరు.

“మరి పెద్దవాటిలో?” అన్నాను.

“పెద్దవాటిలో అన్నీ గుడ్లే.”

అల్లుతున్న వలను పక్కన పెట్టాను.

“ఏడాదిపాటు లెక్క చూద్దాం,” అంది. “నాకు రాయడం పడదు. చేతులెప్పుడూ తడిగా ఉంటాయి. నువ్వేదైనా ఉపాయం చెప్పు.”

నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. వల దారం రెండు పొడుగు ముక్కలు కోశాను. ఒకటి తెల్లది, ఒకటి నీలిది. రెంటినీ అక్క మూలలో గోడకు కట్టాను. చేపను కోసే ముందు దారం తీసి, పై కొసను దాని ముక్కుకు పెట్టి తోక దాకా లాగాలి. కోశాక మగదైతే తోక దగ్గర తెల్ల దారానికి ముడి. ఆడదైతే నీలి దారానికి. దారమే కొలత, ముడే రాత. తడి చేతులతోనైనా పడుతుంది.

అక్కకు అది నచ్చింది. “ఇన్నాళ్ళకు నీ పేరుకు పని దొరికింది,” అంది.

పండుగప్ప బతుకు మాకు తెలిసినంతవరకు ఇలా ఉంటుంది. తొలి వానల పున్నమి పోటులో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, తల్లి గుడ్లు వదులుతుంది. ఆవగింజకంటే చిన్నవి, లక్షల్లో. పోటు వాటిని మడ అడవి లోపలికి తోస్తుంది. నెల తిరిగేసరికి అక్కడి గుంటల్లో వేలెడు పిల్లలు తిరుగుతుంటాయి. ఒళ్ళంతా నలుపు, వీపు మీద నుంచి ముక్కు దాకా తెల్లటి గీత. గట్టు మీద కూర్చుని కదలకుండా ఉంటే కనపడతాయి. నేను చాలాసార్లు కూర్చున్నాను. పెరిగేకొద్దీ గీత పోతుంది, ఒళ్ళు వెండి రంగుకు వస్తుంది. మూడు నాలుగేళ్ళు వాగుల్లో, తీపి నీళ్ళలో తిరిగి, ఒక వానాకాలం వరద నీటితోపాటు మొగకు దిగి వస్తాయి. అక్కడిదాకా మాకు తెలుసు. దిగి వచ్చాక ఏమవుతాయో, ముప్పై ఏళ్ళు పట్టి, కోసి, తిని కూడా ఎవరం చూడలేదు.

ఆ ఏడంతా అక్క ముడులు వేసింది. గాలాల పడవలు, పాత ఎనిమిది వేళ్ళ వలలున్న పడవలు చిన్నవి తెచ్చేవి. బావ పడవలాంటివి, నా పది వేళ్ళ వలలున్నవి, పెద్దవి తెచ్చేవి. తెల్ల దారం మేకు కొలత దగ్గర మొదలై గుబురుగా నిండిపోయింది. నీలి దారం పై భాగమంతా నున్నగా ఉంది. రెండు మూరలు దాటాకే ముడులు మొదలయ్యాయి. సరిగ్గా పంతొమ్మిది.

వానాకాలం చివర ఒక మధ్యాహ్నం నన్ను కేక వేసింది. నేను వెళ్ళేసరికి కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఆమె అరచేతిలో ఒక తిత్తి. ముడతలు పడి చిన్నదైపోయిన పాల తిత్తి. దాని అంచు పొడుగునా పసుపు రంగు రేణువులు, మెత్తటి ఇసుకలా.

“రెండూ ఉన్నాయిరా,” అంది. “ఇది మారుతోంది.”

కొలిచాం. రెండు మూరలకు నాలుగు వేళ్ళు తక్కువ.

“ముందు మగదిగా ఉండి, ఎదిగాక ఆడదవుతోంది. ఆడపిల్ల పుట్టకపోవడం కాదు. ఇన్నేళ్ళు బతికితేగానీ ఏదీ తల్లి కాదు.”

ఆ ముడి ఏ దారానికి వెయ్యాలో దానికి తోచలేదు. నేనే తెల్లదాన్నీ నీలిదాన్నీ దగ్గరకు తెచ్చి, ఆ కొలత దగ్గర రెంటినీ కలిపి ఒకటే ముడి వేశాను. తరువాత నా గదికి వెళ్ళి, గోడకు వేలాడుతున్న పది వేళ్ళ వలను చూశాను. చిన్నవాటిని వదిలి పెద్దవాటినే ఏరి తీసే వల. నా చేత్తో అల్లినది. ఒక్కొక్క కన్నూ ఒక తల్లి తల పట్టేంత.

ఆ రోజు ఇంకేమీ అల్లలేదు.

అక్క ఇంట్లో ఆ పూటే చెప్పింది. నేనూ అక్కడే తింటాను కాబట్టి విన్నాను. బావ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

“ఏంటే? మగదే ఆడదవుతుందా?”

“అవుతుంది.”

“అయితే నేనెప్పుడు మారతానంటావు?”

“నువ్వు రెండు మూరలు ఎదగాలిగా ముందు,” అంది అక్క.

బావ పడీ పడీ నవ్వాడు. పొలమారి నీళ్ళు తాగాడు. నవ్వు ఆగాక నా వైపు తిరిగాడు.

“మీ అక్క గోల సరేగానీ, పన్నెండు వేళ్ళ వల ఎందాకా వచ్చింది?”

“అల్లను,” అన్నాను.

“ఆఁ?”

“అల్లను బావా.”

ఇన్నేళ్ళలో బావకు నేను కాదన్న మొదటి మాట అదే. అతని మొహం మాడిపోయింది.

“ముడికి కూడా నోరొచ్చిందన్నమాట. నువ్వు అల్లకపోతే వలలు దొరకవా? మిషను వల తెచ్చుకుంటా.”

“తెచ్చుకో. చిరిగినప్పుడు మాత్రం వీడి దగ్గరకు రావద్దు,” అంది అక్క. “వచ్చే ఏడు పాకలో మాట పెడతాను. రెండు మూరల దగ్గర ఇంకో మేకు. ముక్కు దాన్ని దాటితే ఆ చేప కూడా నీళ్ళలోకే. వలకు మళ్ళీ ఎనిమిది వేళ్ళు. దాంట్లో చిన్నది చిక్కుతుంది, పెద్దదాని తల దూరదు, తగిలి తప్పుకుంటుంది.”

“పెద్దది వదిలెయ్యడమా! పెద్ద చేపతోనే సరంగుకు పేరు. నన్ను పరిగెలు ఏరుకోమంటావా?”

“పరిగెలైనా మిగలాలి కదయ్యా.”

అన్నం చల్లారిపోయింది.

ఈ ఏడు తొలి వానలకు పది రోజుల ముందు పాకలో అందరూ కూర్చున్నారు. పాక పెద్ద ఉప్పుతాత. చేపలకు ఉప్పు పట్టించి పట్టించి అతని చేతులు తెల్లగా పాలిపోయి ఉంటాయి. అక్క రెండు దారాలనూ తెచ్చి చెక్కకు పైనుంచి వేలాడదీసింది. ఏ ముడి ఏమిటో చెప్పింది. చెప్పడం అయ్యాక అందరూ ఒకేసారి మొదలెట్టారు.

“సరంగూ, రేపటి నుంచి చీర నువ్వు కట్టుకో, పడవ ఆవిడకియ్యి!” అన్నాడు ఐసు అమ్మేవాడు.

“మా ఆవిడ ముందు నుంచీ మగదే. మారడానికి ఇంకేముంది?” అన్నాడు ఇంకొకడు. అతని భార్య వెనక నుంచి చీపురు విసిరింది.

బావ లేచాడు. నవ్వులు సర్దుకున్నాయి.

“నవ్వులకేంగానీ, ఒక్కటి అడుగుతా. ఇది ఎవరి చెక్క? మీ నాన్నది. చిన్నది వదలండి, పెద్దది పట్టండి అన్నాడు. ముప్పై ఏళ్ళు తల వంచుకుని చేశాం. అంటే మీ నాన్న తప్పు చెప్పాడా?”

ఆ మాట అక్కకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నాకూ తగిలింది. అక్క చెక్క మీద చెయ్యి పెట్టింది.

“నాన్నకు తెలిసినదానికి నాన్న మేకు కొట్టాడు. నాకు తెలిసినదానికి నేను కొడతాను. ఆ మేకును ఎవరు పీకమన్నారు? ఇంకోటి కొట్టమంటున్నా.”

ఉప్పుతాత దారాలను చేత్తో తడిమాడు. “అమ్మాయ్, దారాలు బాగున్నాయి. కానీ ముడి వేసింది నువ్వూ, మీ తమ్ముడూ. మేమెవరం చూడలేదు. కళ్ళతో చూపించు.”

“చూపిస్తా.”

“అయితే పందెం,” అన్నాడు బావ. “పున్నమి పోటు మొదటి రోజు నా పడవలో వచ్చిన ప్రతి పండుగప్పనూ ఇక్కడే కోస్తా. నువ్వు అటు తిరిగి నిలబడాలి. మేము కొలత చెబుతాం. ఆడో మగో నువ్వు చెప్పాలి. ఒక్కటి తప్పినా ఇంక ఆ ఊసెత్తకూడదు. మీ తమ్ముడు నాకు పన్నెండు వేళ్ళ వల అల్లాలి.”

“అల్లుతాడు. తప్పకపోతే?”

“రెండో మేకు.”

“వలకు ఎనిమిది వేళ్ళు.”

“ఎనిమిది వేళ్ళు!”

నన్ను అడక్కుండానే నా చేతుల్ని పందెంలో పెట్టేసింది. అక్క కాబట్టి ఊరుకున్నాను.

పోటు రోజు పొద్దున మబ్బు పట్టి ఉంది. బారెడు పొద్దెక్కాక బావ పడవ వచ్చింది. ఆ రోజుకు వలతోపాటు గాలాలు కూడా వేశాడు. తొమ్మిది చేపల్ని నేల మీద వరసగా పెట్టారు. పడవ నడుమ గుంతలో నీళ్ళు పోసి ఇంకేదో ఉంచారు. దాని మీద గోనె కప్పారు. బావ ఆ సంగతి ఎత్తలేదు.

అక్క గుమ్మానికి వీపు పెట్టి నిలబడింది. చీర కొంగు నడుముకు బిగించింది. నేను ఆమె ఎదురుగా ఉన్నాను. మిగతావాళ్ళకు ఆమె వీపే కనపడుతోంది, నాకు మొహం.

“మూరన్నర!” అన్నాడు ఉప్పుతాత.

“మగ.”

బావ కోశాడు. తెల్లటి తిత్తి.

“మూరన్నర మీద రెండు వేళ్ళు!”

“మగ.”

కోశాడు. తెల్లదే. అలా ఎనిమిది. ఎనిమిదీ ఆమె చెప్పినట్టే. తొమ్మిదో చేప దగ్గర ఉప్పుతాత రెండుసార్లు కొలిచాడు.

“రెండు మూరలకు అయిదు వేళ్ళు తక్కువ.”

అక్క తల అడ్డంగా ఊపింది. “అది నాకు తెలీదు. అక్కడే మారేది. ఏదైనా కావచ్చు.”

“తెలీదంటే తప్పినట్టే!” అని ఇద్దరు ముగ్గురు అరిచారు.

“తెలియనిదాన్ని తెలుసనలేదు. అది తప్పెలా అవుతుంది? పక్కన పెట్టండి,” అన్నాడు ఉప్పుతాత.

కోస్తే మగదే. ఐసువాడు మూతి విరిచాడు. “అన్నిటికీ మగ మగ అంటే సరిపోయేటట్టుంది. ఆ మాట మా ఇంటి మేకక్కూడా నేర్పుతా. ఆడది ఏదీ?”

బావ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. పడవ దగ్గరకు వెళ్ళి గోనె తీశాడు. ఇద్దరు పట్టుకుని తడి గోనెలో మోసుకొచ్చారు. నేల మీద పెట్టేసరికి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. అంత చేపను చూసి మూడేళ్ళు దాటింది. మొప్పలు ఆడుతున్నాయి. కన్ను లోపల ఎర్రటి మెరుపు.

“మూడు మూరలకు బెత్తెడు తక్కువ,” అన్నాడు ఉప్పుతాత, గొంతు తగ్గించి.

“ఆడది,” అని అక్క ఇటు తిరిగింది. తిరిగి చూసి మొహం మారిపోయింది. “బతికుందా?”

“బతికే ఉంది. నీ ఎదురుగా కొయ్యాలని నీళ్ళు మార్చి మార్చి తెచ్చా. చచ్చినదాన్ని తెస్తే మోసమంటావని.” బావ కత్తి అందుకున్నాడు.

“కొయ్యకు.”

“ఏంటి?”

“కొయ్యకయ్యా. పోయిన ఏడు ఈపాటికి నీలి దారానికి ఏడు ముడులున్నాయి. ఈ ఏడు ఇదే మొదటిది. దీని తరువాత ఇంకోటి వస్తుందో రాదో నీకు తెలుసా? నాకు తెలీదు. దీన్ని చంపి గెలవను.”

“కొయ్యకపోతే నువ్వు ఓడినట్టు.”

“ఓడాను.”

పాకలో గుసగుసలు మొదలయ్యాయి. బావ కత్తి పట్టుకుని అలాగే ఉన్నాడు.

“ఓడితే ఇంక ఈ ఊసెత్తకూడదు. మాటిచ్చావు.”

“ఎత్తుతాను. రేపు ఎత్తుతాను, ఎల్లుండి ఎత్తుతాను, నువ్వు మేకు కొట్టేదాకా ఎత్తుతూనే ఉంటాను. మాట తప్పిందని చెప్పుకోండి. పడతాను.”

ఈ ఒడ్డున మాట తప్పినవాళ్ళ తక్కెట్లో ఎవరూ చేప పెట్టరు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అక్కకూ తెలుసు. తెలిసే అంది. అని, వంగి చేప కింద రెండు చేతులూ దూర్చింది. చేప లేవలేదు. దాని బరువు అంత ఉంది. నేను వెళ్ళి తోక పట్టుకున్నాను. ఎప్పుడు కదిలానో నాకే తెలీదు. ఇద్దరం లేపాం. నాలుగు అడుగులు వేశాం. చేప ఒక్క విదిలింపు విదిల్చింది. నా చేతుల్లోంచి తోక జారి నేలకు కొట్టుకుంది.

“ఓరి మీ చేతులు పడ!” అని బావ కత్తి పారేసి ఉరికొచ్చాడు. “అలాగేనా పట్టుకునేది! వెన్ను విరుగుతుంది! మొప్పలో వేలు పెట్టకు, తియ్! తప్పుకోండి!”

వలలోంచి చేపను తీసి నీళ్ళకు వదలడం ముప్పై ఏళ్ళుగా అతని చేతి అలవాటు. చేపను మొరటుగా పట్టుకోవడం చూస్తే అతను ఓర్చుకోలేడు, అది ఎవరి చేపైనా. పొట్ట కింద ఒక చెయ్యి, దవడ కింద ఒక చెయ్యి వేసి పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. అలాగే పాక ముందున్న ఏటవాలు బల్ల మీదుగా నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళు, తొడలు, నడుము. నేనూ వెనకే దిగాను. నీళ్ళు నడుము దాకా వచ్చాయని తరువాత తెలిసింది.

చేప ఇంకోసారి ఒళ్ళు విదిల్చింది. అతని మోచేతి మీదుగా ఏదో జారింది. సన్నటి, లేత పసుపు జిగురు. చొక్కా పొట్ట భాగమంతా అదే. మోచేతి నుంచి మణికట్టు దాకా రేణువులు, లెక్కలేనన్ని. కొన్ని నీళ్ళ మీద పడి మసక పొరలా విచ్చుకున్నాయి.

బావ తన చేతిని చూసుకున్నాడు. చేప ముక్కును పోటుకు ఎదురుగా తిప్పి, తోక మొదలు వదులుగా పట్టుకుని, నీళ్ళు మొప్పల్లోంచి పోయేలా అటూ ఇటూ ఆడించాడు. చాలాసేపు పట్టింది. మొదట తోక కదిలింది. తరువాత వీపు రెక్క లేచింది. అతను చేతులు తీశాడు. అది కాసేపు అక్కడే ఉండి, తరువాత లేదు.

పైకి వచ్చి ఉప్పుతాత ముందు చెయ్యి చాపాడు. తాత ఒక రేణువును గోటితో తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

“కొయ్యకుండానే చెప్పింది,” అన్నాడు తాత.

“కొయ్యలేదు కాబట్టి పందెం నాదే,” అన్నాడు బావ. “ఆవిడే ఒప్పుకుంది ఓడానని. అందరూ విన్నారుగా?”

“విన్నాం,” అన్నారు కొందరు, అయోమయంగా.

“గెలిచాను కాబట్టి ఇప్పుడు నా మాట చెల్లాలి.” అక్క వైపు తిరిగాడు. కళ్ళలోకి మాత్రం చూడలేదు. “ఏమే, సుత్తి తీసుకురా. మేకు ఎక్కడ కొట్టాలో చూపించు. వంకరగా కొట్టావంటే ఊరుకోను.”

అక్క మొహం మీద నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి. వాటిని అక్కడే ఉంచుకుని సుత్తి కోసం లోపలికి వెళ్ళింది. దారాల పై కొసను నేలకానించి, రెండూ కలిసిన ముడికి నాలుగు వేళ్ళ పైన, సరిగ్గా రెండు మూరల దగ్గర బావ మేకు పట్టుకున్నాడు. అక్క కొట్టింది.

“వేలు జాగ్రత్త,” అన్నాడు ఐసువాడు.

“ఇన్నేళ్ళు కాపురం చేశా. కొట్టాలనుకుంటే వేలుతో ఆగుతానా?” అంది.

ఆ మధ్యాహ్నమే పది వేళ్ళ వెదురు పట్టీని విరిచి పొయ్యి పక్కన పడేశాను. నాన్న ఎనిమిది వేళ్ళ పట్టీ బెండ్ల మూట అడుగున దొరికింది. అంచులు అరిగి నున్నగా ఉంది. దాంతోనే మొదలుపెట్టాను. మిగిలిన పడవలకు అల్లి ఇచ్చేసరికి ఈ కాలమంతా సరిపోయేటట్టుంది. తొందరగా అల్లుతున్నాను. ఎందుకంటే అందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. ఇద్దరు సరంగులు ఇంకా పది వేళ్ళ వలలే వేస్తున్నారు. చెక్క దగ్గర దొరుకుతున్నారు, కడుగుతున్నారు, మళ్ళీ వేస్తున్నారు. పోనీ. అక్క వాళ్ళను రోజూ అడుగుతూనే ఉంది.

మేకు కొట్టిన నాలుగో రోజు బావ పడవలోనూ ఒకటి దొరికింది. కొత్త వల ఇంకా అందలేదు, పది వేళ్ళదాంట్లో చిక్కి చచ్చిపోయింది. తెప్పలో దాచి ఎటైనా పంపించెయ్యొచ్చు. తనే తెచ్చి చెక్కకు నిలబెట్టాడు. ముక్కు రెండో మేకును జానెడు దాటింది. ఎవరూ ఏమీ అనకముందే బకెట్టు అందుకున్నాడు. పాక పెద్దది, సగం రోజు పట్టింది. అక్క తన మూలలో చేపలు కోస్తూ ఒక్కసారే తలెత్తింది.

“ఐసు పెట్టె వెనక వదిలేశావయ్యా.”

“కనపడుతోందిలే,” అని అటు వెళ్ళాడు.

ఇప్పుడు గోడకు మూడో దారం కట్టాను. ఎర్రది. నీళ్ళకు తిరిగి వదిలిన పెద్దవాటి కోసం. పడవ మీదే దారంతో కొలిచి, సరంగు వచ్చి ముడి వెయ్యాలి. ఈ రోజుకు నాలుగు ముడులున్నాయి. అన్నిటికంటే కింద ఉన్నది మూడు మూరలకు బెత్తెడు తక్కువ దగ్గర, బావ వేసింది. ముడి వెయ్యడం అతనికి బాగా వచ్చు. అయినా నన్ను పిలిచి, “సరిగా ఉందా చూడు,” అన్నాడు. బిగుతుగానే ఉంది.

నిన్న మడ అడవి గట్టు మీద కూర్చుని వచ్చాను. గుంటలో వేలెడు పిల్లలు పదో పన్నెండో ఉన్నాయి, నుదుటి మీద తెల్ల గీతతో. అవి ఆ చేపవో కావో చెప్పలేను. ఇవి ఎదిగి, మగవై, మొగకు దిగి, రెండు మేకుల మధ్య దూరం దాటి తల్లులవ్వాలంటే ఏడేళ్ళు. ఏడేళ్ళకు ఎన్ని వలలు కావాలో లెక్కేసుకుని, దారం కండెలు తెప్పించి గదిలో పేర్చాను. కిటికీ సగం మూసుకుపోయింది. మిగిలిన సగంలోంచి వచ్చే వెలుతురు అల్లడానికి చాలుతుంది.